మబ్బుల్లో పడవ పాట

ఆ పాత జానపద సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ చుట్టూ చేరతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. సినిమా మీద కాదు, మా వైపు హాళ్ల వాళ్ల మీద.

రాకుమారి పడవెక్కి మబ్బుల మీదుగా పోతూ పాడే పాట ఒకటి ఉంది అందులో. మా నాయనమ్మ పెళ్లయిన కొత్తలో ఆ సినిమా చూసింది. ఆ పాట ఎత్తుకోకుండా ఏనాడూ నాట్లకు దిగలేదు. మోతె దగ్గరి మా ఊళ్లో ఆడవాళ్లందరికీ అది ఆమె నోటి నుంచే వచ్చింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆమె చూపు తగ్గసాగింది. కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని దవాఖానలో చెప్పారు. నాయనమ్మ ఏడవలేదు.

"కండ్లు పోకముందే ఆ పడవను ఇంకొక్కసారి సూపియ్యి బిడ్డా," అంది.

అంతలో సూర్యాపేటలో ఆ సినిమా మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు వేసినా ఉదయం ఆట నిండేది. నాయనమ్మను బస్సులో తీసుకుపోయాను. రాకుమారి పడవలో కాలు పెట్టింది. మరుక్షణం రాక్షసుడి గుహలో ఉంది. పాట లేదు. కొత్త సినిమా మ్యాట్నీకి ఆలస్యమవుతుందని పాత సినిమాల్లో పాటలు కోసేయడం అప్పుడు మామూలే. మేనేజర్‌ను నిలదీశాను.

"పాటొస్తే అందరు సిగరెట్లకు బయటికే పోతరమ్మా. కోస్తే ఎవరికి నష్టం?" అన్నాడు.

బయటికి పోయేది మగవాళ్లు. చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకొని బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లు ఆయన కంటికి మనుషుల్లా ఆనలేదు. వాళ్లు వచ్చిందే పాటల కోసం.

కోదాడలో వేశారని తెలిసి అక్కడికీ పోయాం. ఈసారి ముందే అడిగాను. "పాటలన్నీ ఉన్నాయండీ, వెళ్లి కూర్చోండి," అన్నాడు గేటు మనిషి. లోపల మళ్లీ అదే, కాలు పడవలో, మనిషి గుహలో. ఊళ్లు తిరిగే రీళ్ల పెట్టె ఒకటే కదా, ఒకచోట కోసింది అన్నిచోట్లా పోయినట్టే. అది ఆ గేటు మనిషికి తెలుసు. తెలిసీ చెప్పిన ఆ అబద్ధం మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. తిరుగు బస్సులో నాయనమ్మే నన్ను సముదాయించింది.

మిర్యాలగూడకు కొత్త ప్రింటు వచ్చేసరికి నా పెళ్లయి, అక్కడే కాపురం పెట్టి కొన్నేళ్లయింది. ముందురోజు ఒక్కదాన్నే పోయి, పాట ఉందని చూసుకొని మరీ ఆమెను పిలిపించాను. చెయ్యి పట్టి నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. పాట మొదలుకాగానే హాల్లోని ఆడవాళ్లంతా గొంతు కలిపారు. నాయనమ్మ పాడలేదు. తెర వైపు మొహం పెట్టి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పడవ కదిలిందా బిడ్డా?"

"కదిలింది నాయనమ్మా. మబ్బుల్లకు పోతున్నది."

కాసేపు విన్నది.

"సూర్యాపేటల కొయ్యకపోతే నేనే సూస్తుంటి," అంది.