ప్లస్ సి వేయని ముఖ్య అతిథి

ఆ రోజుల్లో నేను ఉద్యోగం ఉన్నవాణ్ణీ కాదు, లేనివాణ్ణీ కాదు; నర్సీపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. గెస్ట్ అన్న మాట విని మా అమ్మ మొదట్లో చాలా సంతోషించింది. వెళ్ళగానే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారనుకుంది పాపం. ఆ కాలేజీలో పర్మనెంట్ వాళ్ళకి కాఫీ వచ్చేది, మాకు కాఫీ వాసన వచ్చేది. ప్రతి వేసవిలోనూ మా ఉద్యోగం ఎండిపోయి, జూన్‌లో ప్రిన్సిపాల్ గారి మనసును బట్టి మళ్ళీ మొలిచేది. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మా ల్యాబు పైకప్పు ఎంత ధారాళంగా కారేదంటే, వర్షాకాలంలో ద్రవాల మీద ప్రయోగాలు తప్ప ఇంకేవీ పెట్టుకునేవాణ్ణి కాదు. (కరెంటు ప్రయోగాలు వేసవి మొదట్లో చేయించేవాణ్ణి. అప్పుడు కరెంటు ఉండేది కాదు.)

అలాంటి ఒక ఏడాది ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమనకుండానే, పూర్వ విద్యార్థుల సమ్మేళనం బాధ్యత నా నెత్తిన పెట్టారు. ముఖ్య అతిథి మా కాలేజీలోనే చదివి, నక్కపల్లి అవతల సముద్రపు ఒడ్డున ఐస్ ఫ్యాక్టరీ పెట్టి బాగా పైకొచ్చిన మనిషి. వాళ్ళమ్మ చేపలమ్మి చదివించిందని ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు. ఆ తీరంలో ఏ పడవ వేటకి వెళ్ళినా ఆయన ఐసు వేసుకునే వెళ్ళాలి. కొత్త ల్యాబు కట్టించమని అడిగితే "ఫంక్షన్‌కి వస్తాను కదా, చూద్దాం" అన్నాడట.

"ఆ చూద్దాం అన్నదాన్ని మనం కడతాను అనిపించాలోయ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. మామూలుగా ఆయన పుస్తకాల తెలుగే మాట్లాడేవారు గానీ, కంగారు పుడితే భాష సొంతూరు ఎస్. రాయవరం వెళ్ళిపోయేది. "ల్యాబొస్తే నువ్వుంటావ్. రాకపోతే ఫిజిక్స్ సెక్షన్ ఎత్తీసేటట్టున్నారు. అప్పుడు నువ్వూ ఉండవు. ఆయన కళ్ళంట నీళ్ళు తిరగాల. ఏటి సేస్తావో సెయ్యి."

ఒక మనిషి కంట నీళ్ళు తెప్పించడానికి నాకు తోచిన మార్గం పాత క్లాసు. మీరూ చూసే ఉంటారు. జుట్టు పలచబడ్డవాళ్ళంతా ఒకే రంగు టీషర్టులు వేసుకుని పాత బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటారు, పాత మాస్టారు హాజరు పిలుస్తారు, వీళ్ళు "ప్రెజెంట్ సార్" అంటారు, అందరూ నవ్వుతారు, కొందరు ఏడుస్తారు, ఎవరో వీడియో తీస్తారు. పావుగంటలో అయిపోయి భోజనాలకి లేస్తారు. ఇందులో ప్రమాదం ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మాస్టారి కోసం షేర్ ఆటోలో కృష్ణదేవిపేట వెళ్ళాను. ఆయన లెక్కలు చెప్పి రిటైరై, అక్కడ కాస్త వరి చేయించుకుంటున్నారు. కాలేజీలో ఆయన పేరు సున్నా మాస్టారు. కారణం ఒక అక్షరం. సమాకలనం, అంటే ఇంటిగ్రేషన్, అని ఒక లెక్కల జాతి ఉంది. అది చేశాక జవాబు చివర "ప్లస్ సి" అని రాయాలి. (ఎందుకో లెక్కలు చదివినవాళ్ళకి తెలుసు, చదవనివాళ్ళు సుఖంగా ఉన్నారు, వాళ్ళని కదపను.) పేజీ నిండా లెక్క సరిగ్గా చేసి ఆ ఒక్క ప్లస్ సి మరిచిపోయినవాళ్ళకి మిగతా మాస్టార్లు ఒక మార్కు తగ్గిస్తే, ఈయన గుండ్రంగా సున్నా చుట్టేవారు.

నేను చెప్పింది విని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏటి బాబూ, క్లాసా? నాటకమా?"

"అయ్యో, క్లాసే సార్."

"క్లాసంటే క్లాసే సెప్తాను మరి. ఫొటోలకోసం బోర్డు కాడ నిలబడమంటే నాను రాను. ఆ సరదా నాకు నేదు."

"అచ్చంగా క్లాసే సార్. మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి" అన్నాను. ఈ వాక్యం అనడానికి నాకు ఒక్క ఊపిరి కూడా పూర్తిగా పట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. గేటు దగ్గర ముఖ్య అతిథి ఫ్లెక్సీ ఆయన అసలు సైజుకి కొన్ని రెట్లుంది. ఆయన తరఫు కుర్రాళ్ళు బంతిపూల దండలతో, టపాసులతో వచ్చారు. డప్పులవాళ్ళని మేం పిలిచాం. క్లాసు అయి ముఖ్య అతిథి గుమ్మం బయట కాలు పెట్టగానే డప్పులు మోగాలి, టపాసులు పేలాలి, పూలు చల్లాలి అని అందరికీ నేనే రెండుసార్లు చెప్పి ఒప్పజెప్పించుకున్నాను. ఏర్పాట్లలో నేను లోపం రానివ్వను.

ఐస్ ఫ్యాక్టరీ గారు తెల్లబట్టల్లో కారు దిగి, అందరికీ దణ్ణాలు పెట్టి, సరదాగా చివరి బెంచీలో కూర్చున్నారు. ఆయన పక్కనే ఆయన భార్య. ఆవిడ కూడా అదే బ్యాచి, ఇప్పుడు బ్యాంకు మేనేజరు. ఇటుపక్క ఆయన చిన్ననాటి స్నేహితుడు, మెడికల్ షాపు యజమాని. హాజరు అద్భుతంగా జరిగింది. నవ్వారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఐస్ ఫ్యాక్టరీ గారి కళ్ళు కూడా మెరిసినట్టనిపించి, వెనక బెంచీ పక్క కిటికీ బయట నాతోపాటు నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసి తలాడించారు. ఆ తలాడింపులో నాకు వచ్చే జూన్ కనిపించింది.

అప్పుడు మాస్టారు తలుపు గడియ పెట్టారు. బోర్డు మీద ఒక లెక్క రాశారు. సంచీలోంచి తెల్లకాగితాలు తీసి బెంచీకిన్ని చొప్పున పంచారు.

"ఒకటే లెక్క. సమాకలనం. రాయండి. పక్కకి సూడకండి."

అందరూ మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వు ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒక్కొక్కటిగా ఆరిపోయింది, కరెంటు పోయినప్పుడు వీధుల్లో దీపాలు పోయినట్టు. టీషర్టులన్నీ కాగితాల మీదికి వంగాయి. ఐస్ ఫ్యాక్టరీలో సమాకలనం అవసరం పెద్దగా పడదు. ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు, తర్వాత మెల్లగా భార్య కాగితం వైపు ఒరిగారు. ఆవిడ ఎడమచెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. పిల్లల పెళ్ళి సంబంధాలు చూస్తున్న దంపతుల మధ్య ఆ చెయ్యి అలా గోడలా లేవడం చూసి నేను నివ్వెరపోయాను. గత్యంతరం లేక ఆయన మెడికల్ షాపు వైపు తిరిగారు. అటువైపు కాగితం ఉదారంగా తెరిచి ఉంది. ఆయన చివరి వరస దాకా దించేసుకున్నారు.

"వెనక బెంచీ! తెల్లసొక్కా! లెగు."

తెల్లసొక్కా ఒకటే ఉంది గదిలో.

"నేనా సార్?" అన్నారు ఐస్ ఫ్యాక్టరీ గారు, నవ్వబోతూ.

"మరెవులు? ఆడి పేపరు ఆడిది, నీ పేపరు నీది. మెడ సాపుతున్నావేటి? బయటికెళ్ళి వరండాలో నిలబడు."

ఐస్ ఫ్యాక్టరీ గారు ఒకసారి భార్య వైపు చూశారు. ఆవిడ లెక్క చివరి వరస రాసుకుంటున్నారు. ఆయన కాగితం బెంచీ మీదే వదిలి లేచి, గడియ తీసి, గుమ్మం దాటి బయట కాలు పెట్టారు.

డప్పులు మోగాయి.

ముఖ్య అతిథి బయటికి రాగానే వాయించమని చెప్పాను గానీ, ఎందుకొచ్చాడో కనుక్కుని వాయించమని చెప్పలేదు. టపాసులు పేలాయి, పావురాలు లేచిపోయాయి, గంపలకొద్దీ పూలు ఆయన నెత్తిన పడ్డాయి, జై కొట్టారు, నలుగురు మెళ్ళో దండలు వేశారు, ఒకడు భుజాల మీదికి ఎత్తబోయాడు. ఆయన "ఒరే ఆగండ్రా, నన్ను గెంటీసేర్రా" అని అరుస్తున్నారు గానీ డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. పనిష్మెంటుకి ఇంత ఘనంగా సన్మానం జరగడం ఆ కాలేజీ చరిత్రలో అంతకుముందు లేదని నా నమ్మకం. ఇంతలో మాస్టారు డస్టరుతో సహా గుమ్మంలోకొచ్చి "ఎవుల్రా అది! లోపల పరీక్ష జరుగుతున్నాది!" అని ఒక్క కేక వేశారు. డప్పు మీద లేచిన కర్ర లేచినట్టే ఉండిపోయింది.

ప్రిన్సిపాల్ గారు నా మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకి లాగారు. భాష పూర్తిగా ఎస్. రాయవరం చేరిపోయింది. "సూసేవా? ల్యాబు పోనాది. నువ్వూ పోనావ్. నాను కూడా ఎటుపోతానో తెల్దు. బేగి ఎల్లి ఏదో ఒకటి సెప్పు ఆయనకి!"

వెళ్ళాను. కారు ఆయన ఎదురుగానే ఉంది, ఎక్కి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయన మెడనిండా దండలతో, జుట్టునిండా బంతి రేకులతో, చేతులు కట్టుకుని, మాస్టారు నిలబడమన్న చోటే నిలబడి ఉన్నారు. "సార్, క్షమించాలి, ఆయన పెద్దవారు, ఆయన ఉద్దేశం..." అని మొదలుపెట్టాను.

"అది సర్లే గానీ మాస్టారూ, మీరు కిటికీలోంచి సూసేరు కదా" అన్నారాయన గొంతు తగ్గించి. "మా మెడికల్ షాపోడు సేసింది రైటేనా?"

అబద్ధం చెప్పాల్సిన సమయమని తెలుసు. నోట్లోంచి నిజమే వచ్చింది. "ప్లస్ సి వెయ్యలేదు సార్."

ఆయన మొహంలో రంగు మారిపోయింది. "ఓర్నాయనో! ఫైనలియర్లోనూ ఆడి పేపరే సూసి రాసేను. సప్లిమెంటరీకి ఎల్లేను. ఇన్నేళ్ళూ సూడ్డంలో నాదే తప్పనుకుంటన్నాను మాస్టారూ!" జుట్టులోంచి ఒక బంతి రేకు తీసి పారేసి, "మరి మా ఆవిడ?" అన్నారు.

"వేశారు సార్."

"వేస్తాది. అందుకే సెయ్యడ్డం పెట్టింది."

ఇక్కడ ల్యాబు ప్రస్తావన తేవడం నాలాంటి వాడికి కూడా సాధ్యం కాలేదు.

సాయంత్రం సభ. వేదిక మీద మాస్టారు, శాలువా కప్పుకుని. ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకున్నారు, నేను మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కున్నాను. "కాలేజీకి ల్యాబు కట్టిస్తాను" అన్నారాయన. చప్పట్లు మిన్నంటాయి. ఆయన మాస్టారి వైపు తిరిగి, నవ్వుతూ, "ఇప్పుడైనా నాకో పాసు మార్కు ఎయ్యండి సార్" అన్నారు. అందరూ నవ్వారు. మాస్టారు నింపాదిగా లేచి, మైకు తన వైపు వంచుకున్నారు.

"ల్యాబు కట్టు బాబూ. పిల్లలకి మంచిది. ప్లస్ సి ఎయ్యలేదు. సున్నా."

సభ మొత్తం ఊపిరి బిగబట్టింది. ఫిజిక్స్ చదివినవాణ్ణి గనక చెబుతున్నాను, శూన్యంలో శబ్దం ప్రయాణించదనడానికి అంతకంటే మంచి ప్రయోగం నేను ఏ ల్యాబులోనూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో ముందువరుసలో బ్యాంకు మేడమ్ ఫక్కున నవ్వారు. ఐస్ ఫ్యాక్టరీ గారు ఆవిణ్ణి చూసి, మాస్టారిని చూసి, వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టారు. "కట్టినాక మళ్ళీ రాస్తాను సార్" అన్నారు మైకులోనే.

ల్యాబు కట్టారు. గుమ్మం పక్కన నల్లరాతి మీద ఆయన పేరు, ఆ పేరు పక్కన "ప్లస్ సి" అని ఆయన పట్టుబట్టి చెక్కించారు. తెలియనివాళ్ళు అదేదో పెద్ద డిగ్రీ అనుకుంటారు. ల్యాబు చాలా చక్కగా వచ్చింది. ఎంత చక్కగా అంటే, అంత మంచి ల్యాబుకి గెస్ట్ లెక్చరరు ఏం సరిపోతాడని పర్మనెంట్ ఆయన్ని ఒకర్ని వేయించుకున్నారు. ఆ జూన్‌లో ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కూర్చోమని, కాఫీ తెప్పించారు. కప్పు చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. (కాఫీ బాగానే ఉంది. పంచదార కాస్త ఎక్కువ.)

తర్వాత వేరే ఊళ్ళో వేరే ఉద్యోగం దొరికి, జుట్టు నెరిసి, ఇదంతా మరిచిపోయానని అనుకుంటుండగా మొన్న కాలేజీ వాట్సాప్ గ్రూపులో రాబోయే కార్యక్రమాల పోస్టరు వచ్చింది. రక్తదాన శిబిరం, పాతవాళ్ళకీ ఇప్పటివాళ్ళకీ క్రికెట్టు, సాంస్కృతిక కార్యక్రమాలు, చివర్న పాత క్లాసు. దాని కింద నిర్వహించేవారి పేరు నాది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఫోన్ చేస్తే ఒకప్పటి నా స్టూడెంటే ఎత్తింది. ఇప్పుడు సంఘం కార్యదర్శి. "సున్నా మాస్టారు సెప్పేరు సార్. ఆయనకి మోకాళ్ళు నొప్పంట, రాలేరంట. 'ఆ గెస్టు కుర్రోణ్ణి పిలండి, క్లాసంటే క్లాసేనన్నది ఆడొక్కడే' అన్నారు. మీరు తప్పకుండా రావాలండీ. రాగానే కాఫీ కూడా ఏర్పాటు సేసేం."

కాఫీ అనగానే నాకు కొంచెం భయం వేసింది. ఫోన్ పెట్టగానే మళ్ళీ మోగింది, నక్కపల్లి నుంచి. "మాస్టారూ, సిలబస్ ఏటి? మా ఆవిడ సెప్పట్లేదు."

రాత్రి భోజనం అయ్యాక కాగితం తీసుకుని ఒక్క లెక్క తయారు చేశాను. ఫిజిక్స్ లెక్కే గానీ, జవాబు చివర ప్లస్ సి వచ్చేలా చూసుకున్నాను. రాస్తుంటే, సభ మెట్ల దగ్గర, ఉద్యోగం పోయిందని చెప్పులు వెతుక్కుంటూ నిలబడ్డ ఆ బక్కపల్చటి కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడికి ఇంకా గెస్టు కాఫీ బాకీ ఉందనిపించి నవ్వొచ్చింది. పొద్దున్నే కార్యదర్శికి ఫోన్ చేసి, ఈసారి డప్పులవాళ్ళు వద్దమ్మా అన్నాను. కాసేపాగి మళ్ళీ చేసి, పోనీలే, ఉండనివ్వు అన్నాను.