ఎడమ కాలి బ్రేకు

1971 వానాకాలం మొదట్లో నన్ను బోధన్ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా వేశారు. అది నా మొదటి పోస్టింగు. హైదరాబాదులో శిక్షణ ముగించుకుని వచ్చిన కొత్త. అసిస్టెంట్ సర్జన్‌గారు పేషెంటు పేరు అడిగితే చెప్పడానికి బదులు కేసు షీటు చూపించేదాన్ని. పైకి అనలేనిదంతా డైరీలో రాసుకునేదాన్ని, తీరిక దొరికితే నవలలు చదివేదాన్ని. రాజవ్వ అనే ఆమె ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆమె ఒక్కగానొక్క కొడుకు జనార్దన్ అక్కడికి దగ్గరలో ఒక చిన్న ఖండసారి చక్కెర కార్ఖానాలో ఫీల్డ్‌మన్.

ఫీల్డ్‌మన్ పని బయటివాళ్లకు అంతగా తెలియదు. చేనుచేనుకూ తిరిగి చెరకు పక్వం చూసి, ఏ రైతు ఎప్పుడు నరకాలో చిట్టీ ఇవ్వడం అతని బాధ్యత. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువు తగ్గుతుంది, రసం పులుస్తుంది. అందుకే ఫీల్డ్‌మన్ రావడం ఆలస్యమైతే నష్టపోయేది రైతు. జనార్దన్ సీజనల్ ఉద్యోగి, అంటే చెరకు ఆడే నెలల్లోనే జీతం. ఆ ఏడు ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. ఎక్కువ ఊళ్లు చూసుకోగలిగినవాడికి అది దక్కుతుందని పైఅధికారి కేన్ ఆఫీసరు అన్నాడట. ఆ మాటతోనే ఇదంతా మొదలైంది.

అప్పటికి అతని దగ్గర మన దేశంలోనే తయారైన చిన్న మోటారు సైకిలు ఉండేది. నడపడం నేర్చుకున్నది దాని మీదే. రేగడి బాటల్లో వెనక ఇంకొకరు కూర్చుంటే కాలవగట్టు ఎక్కడానికి మూలిగేది. దసరా తర్వాత దాన్ని తోటి ఫీల్డ్‌మన్ గంగాధర్‌కు అమ్మేసి, సికింద్రాబాదు నుంచి ఒక పాత విలాయతీ బండి తెచ్చాడు. రెండు సిలిండర్లది. ఒకప్పుడు పందేలలో పరిగెత్తిందని అమ్మినవాడు చెప్పాడట. అది గల్లీ మొదట్లోకి రాగానే మా ఇంట్లో గిన్నెలు అదిరేవి.

"గిది బండా, దయ్యమారా?" అని రాజవ్వ చెవులు మూసుకుంది.

"దయ్యమైతే మంచిగుండు గదనే అవ్వా, పెట్రోలు తాగకపోవు," అన్నాడు జనార్దన్.

గంగాధర్ బండి చుట్టూ తిరిగి చూసి, "అరే భయ్, బోధన్‌ల బ్రేకు తొక్కితే గిది నిజామాబాద్‌ల ఆగుతదేమో," అన్నాడు.

వేగం ఒక సంగతి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చిన్న బండికి గేరు ఎడమ కాలి కింద, బ్రేకు కుడి కాలి కింద. ఆ విలాయతీ బండికి తారుమారు: కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు. చేతితో పట్టే ముందు బ్రేకు ఉన్నా, కంకర బాట మీద అది నొక్కితే చక్రం జారుతుందని ఇక్కడివాళ్లు ఎక్కువగా కాలి బ్రేకునే నమ్ముకునేవారు. జనార్దన్ పొద్దున్నే బండిని వాకిట్లో స్టాండు మీద నిలిపి, ఎక్కి కూర్చుని, కళ్లు మూసుకుని కాళ్లు ఆడించేవాడు. "ఎడమ ఆపు, కుడి గేరు" అని జపంలా అనుకునేవాడు. నా కిటికీలోంచి అంతా కనిపించేది.

ఒకరోజు అతను నన్ను చూసి, "సిస్టరమ్మా, నీ బుక్కులల్ల కాళ్లు మార్సుకునే మంత్రమేమన్న ఉన్నదా?" అని అడిగాడు. నవ్వేశాను. చెప్పాల్సిన జవాబు రాత్రి డైరీలో రాసుకున్నాను.

మొదటి రోజుల్లో రెండుసార్లు కంచెలోకి దూసుకుపోయి మోకాళ్లు గీసుకుని వచ్చాడు. నేనే టింక్చరు పూశాను. ఆ తర్వాత కాళ్లు కుదురుకున్నాయి. చెరకు ఆడడం మొదలయ్యేసరికి బండి అతను చెప్పినట్టు వింటోంది. ముగ్గురు చూసే ఊళ్లను ఒక్కడే చూస్తున్నాడని కేన్ ఆఫీసరు అందరి ముందు మెచ్చుకున్నాడు. పోస్టు అతనిదేనని గల్లీలో ఖాయం చేసేశారు.

చలికాలం చివర్లో ఆ బండి మాగ్నెటో, అంటే ఇంజనుకు నిప్పు అందించే భాగం, చెడిపోయింది. సామాను సికింద్రాబాదు నుంచి రావాలి. రాజవ్వ మొహం వికసించింది. "ఆగింది గదా, మంచిగయింది. ఆ పీడ మల్ల లేవద్దు," అని ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టింది. కానీ చిట్టీల పని ఆగదు. గంగాధర్ సెలవులో ఉన్నాడు, తన చిన్న బండి తీసుకుపొమ్మన్నాడు. జనార్దన్ ఒకప్పటి తన ఆ చిన్న బండే ఎక్కి వెళ్లాడు. ఆ పూట నాక్కూడా మనసు తేలికపడింది.

పదిగంటల ప్రాంతంలో అతన్ని ఎడ్లబండిలో చెరకు ఆకు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చారు. కాలవ మలుపులో చెరకు బండి అడ్డం తిరిగిందట. ఇతను ఆపలేక దాని చక్రానికి కొట్టుకున్నాడు. కుడి తొడ ఎముక విరిగి బయటికి వచ్చింది, మోకాలి కింద నుజ్జయింది. వైద్య న్యాయ కేసుగా నమోదు చేసి పోలీసు ఠాణాకు కబురు పంపాం. సెలైను పెట్టి, ధనుర్వాతం సూది ఇచ్చి, కాలిని లాగి పట్టి ఉంచే థామస్ స్ప్లింటు కట్టాం. పాదం చల్లబడుతోంది. వేలితో ఎన్నిసార్లు వెతికినా నాడి అందలేదు.

"బ్రేకు తొక్కిన సిస్టరమ్మా. గట్టిగ తొక్కిన. పడలే," అని అతను పదేపదే అన్నాడు.

నిజామాబాద్ జిల్లా ఆసుపత్రికి పంపాం. రక్తనాళం తెగిందని అక్కడ సివిల్ సర్జన్‌గారు తొడ దగ్గరే కాలు తీసేశారు.

గాయం కడగడానికి తర్వాత మా ఆసుపత్రికే వచ్చి చేరాడు. రాజవ్వ మంచం పట్టుకుని కూర్చుని, గంగాధర్ కనబడితే చాలు దుమ్మెత్తి పోసేది. "బ్రేకు లేని బండిచ్చి నా కొడుకు కాలు తిన్నవు గదరా! గా నౌకరి కోసమేనా?" అనేది. ఆ పోస్టుకు తర్వాతి వంతు గంగాధర్‌దే. అతను లోపలికి రాలేక గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయేవాడు. ప్రమాదాల్లో బండిని పరీక్షించే మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి, నడిపి చూసి, బ్రేకు సరిగ్గానే పనిచేస్తోందని చెప్పాడు. రాజవ్వ నమ్మలేదు. జనార్దన్ కూడా నమ్మలేదు.

మర్నాడు కట్టు మారుస్తుండగా అతను మళ్లీ ఆ మలుపు గురించి మొదలుపెట్టాడు. "ఎద్దు మొకం కనబడ్డది. ఎంబడే తొక్కిన, గిట్ల..." అన్నాడు. దుప్పటి కింద అతని ఎడమ పాదం మంచం పట్టీని గట్టిగా నొక్కింది.

నేను చూశాను. నేను చూసినచోటికే అతనూ చూశాడు. మిగిలిన ఆ కాలు ఇంకా నొక్కే ఉంది. చిన్న బండి మీద ఆ కాలి కింద ఉండేది గేరు.

పాదాన్ని వెనక్కి లాక్కుని, "గంగన్నను లోపలికి పిలువు సిస్టరమ్మా," అన్నాడు. గంగాధర్ వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. "నీ బండి మంచిదే అన్నా. నా కాళ్లే దాన్ని మరిసినయ్," అని జనార్దన్ గోడవైపు తిరిగాడు. రాజవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గంగాధర్ కింద పడి ఉన్న పాత కట్టును తీసి నాకందించాడు.

పోస్టు గంగాధర్‌కే వచ్చింది. విలాయతీ బండిని నాందేడ్ నుంచి వచ్చిన ఒకతను కొనుక్కుపోయాడు. ఉగాదికి ముందే రాజవ్వ కొడుకును తీసుకుని, భీమ్‌గల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేను వేరే గది చూసుకున్నాను. తర్వాత వాళ్ల సంగతి నాకు తెలియలేదు.

అందరం పెద్ద బండికి భయపడ్డాం. దాని మీద అతను ప్రతిసారీ ఆలోచించి కాలు వేశాడు. అలవాటైన చిన్న బండి మీద ఆలోచించలేదు, ఆలోచించమని ఎవరమూ చెప్పలేదు. వార్డుల్లోనూ ఇదే చూశాను. కొత్తగా వచ్చిన నర్సు మందు సీసా మీది పేరు రెండుసార్లు చదువుతుంది. వేరే వార్డులో కొన్నాళ్లు చేసి తన పాత వార్డుకు తిరిగి వచ్చిన నర్సు చదవదు. ఆమె చెయ్యి ఆ వేరే వార్డు అలమరలోనే వెతుకుతూ ఉంటుంది. తర్వాతి కాలంలో నేను నర్సింగ్ సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్లూ, అలా తిరిగి వచ్చినవాళ్లకు మొదటి పూట మందులిచ్చే పని అప్పగించలేదు. అలమర ముందు నిలబెట్టి, ఏది ఎక్కడుందో తాకి పైకి చెప్పమనేదాన్ని. సీనియర్లు చిన్నతనంగా భావించారు. కొందరు పై అధికారులకు ఫిర్యాదు కూడా చేశారు. నేను పద్ధతి మార్చలేదు.