గోడలో దొరికిన తీగ

పిల్లనిచ్చే మామ దగ్గర పెళ్ళికి ముందే పరువు పోగొట్టుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో దారి దొరుకుతుంది. నాకు గోడలో దొరికింది. ఆ గోడకి దగ్గరుండి గాడి కొట్టించినవాణ్ణీ నేనే, ఆ గాడిలో పడినవాణ్ణీ నేనే. చదివాక మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కోయంబత్తూరు పక్కన కారమడైలో మా వీధి మొత్తం అప్పుడే నవ్వేసింది, ఇక కొత్తగా పోయేదేమీ లేదు.

అప్పుడు నేను కోయంబత్తూరులో ఒక పంపుసెట్ల కంపెనీలో పనిచేసేవాణ్ణి. తయారైన మోటార్లలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. పొద్దస్తమానం ప్రతి మోటారునీ అనుమానంగా చూసినందుకే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. ఆ చూపును గేటు దగ్గరే వదిలి ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పలేదు. గ్యాసు సిలిండరు బరువునీ, కూరగాయలమ్మే ఆవిడ తక్కెడనీ, ఆఖరికి మా అమ్మ 'నాకు ఆకలి లేదురా' అన్న మాటనీ అదే చూపుతో చూసేవాణ్ణి.

కొండల కిందున్న తేని ఊళ్ళో సంబంధం కుదిరింది. యాలకుల వ్యాపారం చేసే కుటుంబం. తమ అమ్మాయి కొండగాలికి అలవాటు పడిందని కాబోయే మామగారు మాటల మధ్యలో మూడుసార్లు అన్నారు. అంటే గదిలో ఏసీ పెట్టించమని అర్థం. మా ఇంటి తీగలేమో తాత కాలంనాటివి. ఇస్త్రీపెట్టె పెడితే ట్యూబులైటు కళ్ళార్పేది. ఏసీ పెడితే ఇల్లే కళ్ళు మూసేస్తుందని భయపడి, గోడల్లో గాడి కొట్టి, పైపులు పెట్టి కొత్త తీగలు లాగమని మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ సామువేలన్నకి పని అప్పగించాను.

మా ఇల్లూ, పక్కనున్న రంగనాయకి చిన్నమ్మ ఇల్లూ ఒకప్పుడు ఒకటే. మా నైనా, చిన్నాయనా భాగాలు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేపారు. ఆ అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. అటు చిన్నమ్మ, ఇటు మా అమ్మా నేనూ.

చిన్నమ్మ మీద నాకు ఎప్పట్నుంచో అనుమానం. వాకిట్లో ఒక బల్బు, పెరట్లో ఒక బల్బు, పశువుల కొట్టంలో ఫ్యాను, ఇవి చాలవన్నట్టు వాషింగ్ మెషీను. ఇన్ని ఉన్నా కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని ఆవిడ ఏడవగా నేనెప్పుడూ వినలేదు. కరెంటు బిల్లు చూసి ఏడవని మనిషిని మీరెక్కడైనా చూశారా? పైగా మా అమ్మ ప్రతివారం గిన్నెడు ఇడ్లీ పిండి గోడ మీదుగా ఆవిడకి అందించేది. ఎందుకిస్తున్నావని అడిగితే మాట మార్చేసేది. ఈ చిన్నమ్మ మా అమ్మ నోరు దేనితోనో నొక్కుతోందని నాకు గట్టి నమ్మకం.

ఆ ఆదివారం పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి తేని మామగారు స్వయంగా దిగారు. ముందుగదిలో కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఇంటి మెయిన్ ఆపేసి, ఫ్యూజు నా జేబులో వేసుకున్నాను. సామువేలన్న మీద కూడా నాకు నమ్మకం లేదు మరి. పొద్దున చిన్నమ్మ ఆయన్ని పిలిచి కాఫీ, రెండు వడలు పెట్టింది. ఊరికే ఎవరైనా రెండు వడలు పెడతారా?

నడిమి గోడకి గాడి కొడుతుంటే సుత్తి ఆగింది. గోడలో అడ్డంగా ఒక పాత తీగ, చిన్నమ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య. సామువేలన్న టెస్టరు పెట్టి చూశాడు. వెలిగింది.

"ఇది మన లైను కాదు తమ్ముడూ. ఆ తట్టు నుంచి వస్తా ఉండాది. దీని జోలికి వద్దు, పక్కన ఇంకో గాడి కొడతాను" అన్నాడు.

రెండు వడలు పనిచేస్తున్నాయని నాకు అర్థమైంది. మెయిన్ ఆపినా తీగలో కరెంటు ఉందంటే, మీటరుకి పడకుండా ముందే ఎక్కడో తగిలించి, మా గోడలోంచి చిన్నమ్మ తన ఇంటికి లాక్కుంటోందని అక్కడికక్కడే తేల్చేశాను. మామగారి ముందు నా తెలివి చూపించే అవకాశం ఇంతకంటే గొప్పది దొరకదు. గోడ దగ్గరికి పోయి చిన్నమ్మని పిలిచాను.

ఆవిడ చేతిలో సగం ఒలిచిన మునగకాయతో వచ్చింది. నేను మొదలుపెట్టాను. కరెంటు దొంగతనం ఎంత పెద్ద నేరమో, దానికి చట్టంలో ఏముందో, సొంత తోడికోడలి ఇంటి గోడకి కన్నం పెట్టడం ఎంత అన్యాయమో, సగం తెలుగులో సగం అరవంలో చెప్పాను. వెనక వంటింట్లో మా అమ్మ పిండి రుబ్బుతోంది. గ్రైండరు చప్పుడుకి నా మాట వినబడటంలేదని గొంతు పెంచాను. వీధిలో పోయేవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు.

చిన్నమ్మ ఓపిగ్గా అంతా విన్నది.

"మెయిన్ ఆపినావా జగ్గా?"

"ఆపినాను చిన్నమ్మా. ఫ్యూజు నా జేబులోనే ఉండాది" అని తీసి అందరికీ చూపించాను.

"సరి. అయితే మీ అమ్మ గ్రైండరు ఏ కరెంటుతో తిరగతా ఉండాది?"

అందరి చెవులూ వంటింటి వైపు తిరిగాయి. గ్రైండరు గుర్రుగుర్రుమంటూ తన జవాబు చెబుతూనే ఉంది. సామువేలన్న పైకప్పు వంక చూశాడు. మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

మోటార్లు పరీక్షించే ఉద్యోగంలో ఉన్న నేను అప్పుడు అన్న మాట వింటే మా కంపెనీవాళ్ళు నన్ను ఆ రోజే ఇంటికి పంపేవాళ్ళు. ముందే వేసింది కదా, ఆ ఊపుమీద తిరుగుతోంది, కాసేపట్లో ఆగిపోతుందన్నాను. అందరం నిలబడి ఎదురుచూశాం. అది ఆగలేదు. చిన్నమ్మ నిట్టూర్చి తన ఇంట్లోకి వెళ్ళి మెయిన్ ఆపింది. గ్రైండరు ఠక్కున ఆగింది.

చేతుల నిండా పిండితో మా అమ్మ బయటికి వచ్చింది. నన్ను చూడలేదు, మామగారిని చూడలేదు. అలవాటుగా గోడవైపు తిరిగి, "ఏమి రంగా, మీ ఇంట్లో కరెంటు పోయినాదా?" అని కేకేసింది.

తర్వాత సంగతంతా బయటపడింది. భాగాల వేళ పాత మీటరు చిన్నాయనకి పోయింది. ముందుగదులకి నైనా కొత్త మీటరు తెచ్చాడు, వంటింటి లైను తర్వాత మార్చుకుందామన్నాడు. ఆ 'తర్వాత' రాకముందే ఆయన పోయాడు. గ్రైండరూ ఫ్రిజ్జూ పెరటి మోటారూ అన్నీ అప్పట్నుంచి చిన్నమ్మ కరెంటు మీదే తిరిగాయి. మా అమ్మ ఆ రుణం ఇడ్లీ పిండితో తీరుస్తోంది.

మరి ఇన్నాళ్ళూ బిల్లు డబ్బులు ఎందుకు అడగలేదని నేను గొణిగాను.

"మీ నైన పోయినప్పుడు నువ్వు స్కూలుకి పోతా ఉండినావు. మీ అమ్మ వంట చేస్తా ఉంటే నేను పోయి తీగ కొయ్యాల్నా?" అంది చిన్నమ్మ. అని, మునగకాయ ఒలుచుకుంటూ గడప మీద కూర్చుంది.

ఆ క్షణంలో సామువేలన్న కొట్టిన గాడిలో నేను పట్టేవాణ్ణైతే అందులోకి దూరి సిమెంటు పూయించుకునేవాణ్ణి. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయిపోయిందన్నాను. మామగారు సంబంధం వదులుకోలేదు. బస్సెక్కేముందు మాత్రం నా భుజం తట్టి, అల్లుణ్ణని అరవంలో పిలుస్తూ, "మాప్పిళ్ళై, తేనిలో మా ఇంటి గోడలో ఏదైనా తీగ కనబడితే ముందు నాకు ఒక మాట చెప్పండి" అన్నారు.

వంటింటి లైను మా మీటరుకి మారింది. ఇన్నేళ్ళ కరెంటుకి ఏమివ్వమంటావని అడిగితే, తన వెనక మెట్ల మీద చీకటిగా ఉందనీ, మా లైను నుంచి ఒక్క బల్బు పెట్టిస్తే చాలనీ చిన్నమ్మ అంది. పెట్టించాను.

కనుక కారమడై రంగనాథుడి సాక్షిగా, మా ఆవిడ ఎదురుగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఎవరి కరెంటునీ అనుమానించను. ఆ బల్బు మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుగుతున్నా ఆర్పమని అడగను. పోయిన వారం ఆ బల్బు కింద కొత్తగా ఒక ప్లగ్గు కనిపించింది. అందులోంచి ఒక తీగ వాషింగ్ మెషీను వైపు పోతోంది.

నేను ఏమీ చూడలేదు.