వెనక్కి నడిచిన ట్యాంకు

మొన్న నెహ్రూ నగర్‌లోని మా ఇంట్లో అటక దులుపుతూ రేకుపెట్టె మూత తెరవగానే గ్రీజు వాసన గుప్పుమంది. కలరా ఉండల ఘాటునూ పాత చీరల ముక్కవాసననూ తోసుకుని ముందు అదే వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆరని గ్రీజు. మా అమ్మాయి పెట్టెలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన ట్యాంకును బయటికి తీసి, "మమ్మీ, యే క్యా హై?" అంది. బొమ్మ అని చెబుదామంటే స్వర్గంలో ఉన్న మా నాన్న ఊరుకోడు. ఆయన దృష్టిలో అది ఇంజను.

నాన్న రైల్వే ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో 'ఏటి', వీధిలో 'క్యా', షెడ్డు గేటు దాటితే రెండూ. క్వార్టరు ముందు గోంగూర మడి, వెనక తులసికోట, దాని వెనక జామచెట్టు. వానాకాలం వచ్చిందంటే తడిసిన బొగ్గు రాజుకోక ఇల్లంతా పొగ కమ్మేది. ఆ పొగలోనే కళ్లు తుడుచుకుంటూ అమ్మ పెసరట్లు పోసేది, ఎద్దులను పూజించే పోలా పండగకు పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ మామ్మ కారంగా ఠేఠరీలు, తియ్యగా ఖుర్మీలు పళ్లెంలో సర్ది పంపేది, పిల్లలంతా చక్రాలున్న మట్టి ఎద్దులకు తాళ్లు కట్టి బురదలో లాక్కుంటూ తిరిగేవాళ్లు. నేను ఐదో క్లాసు చదువుతున్న ఏడాది, ఆ ఎద్దుల మందలోకి నా ట్యాంకు దిగింది. ఓడల్లో పనిచేసే మా మావయ్య విశాఖపట్నం నుంచి వస్తూ నా కోసం తెచ్చిన, రిమోటుతో నడిచే యుద్ధట్యాంకు.

దిగడమైతే దిగింది గానీ కదల్లేదు. మట్టి ఎద్దులన్నీ దాన్ని దాటుకుని వెళ్లిపోయాయి. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా దాన్ని చాప మీద పడుకోబెట్టి మొత్తం విప్పేశాడు. మరలు ఒక గిన్నెలో, పళ్లచక్రాలు ఇంకో గిన్నెలో, మోటర్లు రెండూ అమ్మ ఇడ్లీ రేకులో. రెండు సాయంత్రాలు పట్టింది. తిరిగి బిగించాక కూడా ట్యాంకు తన పట్టు విడవలేదు. గోంగూర ఒలుస్తున్న అమ్మ తల ఎత్తకుండానే, "టార్చిలో బేటరీ తిరగేస్తే ఎలగదు కదా, ఇందులోనూ అలగే అయ్యిందేటో సూడండి" అంది. నాలుగు బేటరీల్లో ఒకటి తలకిందులుగా ఉంది. నాన్న దాన్ని సరిగ్గా పెట్టి, "నేనూ అదే సూస్తన్నాను" అన్నాడు.

ఆ తర్వాత నడిచింది, కానీ గుండ్రంగా. ఎడమవైపు చక్రాల రబ్బరు పట్టీ వదులై జారిపోతుంటే, కుడివైపు మాత్రం పరుగు తీసేది. దాంతో బండి ఎప్పుడూ ఎడమకే తిరిగేది. పక్కలకు తిప్పే లీవరుతో సరిచేద్దామంటే, దాన్ని మొదటి వారంలోనే విరగ్గొట్టి గోంగూర మడిలో పారేసుకున్నాను. ఇక మిగిలింది ముందుకూ వెనక్కూ నడిపే లీవరు ఒక్కటే. నాన్న లేకుండా రిమోటు ముట్టుకోకూడదన్నది ఇంట్లో చట్టం. నాన్న డ్యూటీలో ఉన్న మధ్యాహ్నాలు నేను ఆ చట్టాన్ని తులసికోట చుట్టూ ఉల్లంఘించేదాన్ని. అమ్మకు రిమోటుతో పేచీ లేదు, ఆమెకు పట్టింది వేరే సంగతి. "ఓలే, తులసమ్మకి ఎడంపక్క తిప్పుతావేటే? అప్రదచ్చినం సేస్తే ఇంటికి మంచిదా?" అని గరిటె చూపించింది. భయపడి లీవరు వెనక్కి లాగాను. ట్యాంకు వెనక్కి నడుస్తూ అదే గుండ్రంలో, ఈసారి సరైన దిక్కున తిరిగింది. అమ్మ శాంతించింది. ఈ సంగతి మేమిద్దరం నాన్నకు చెప్పలేదు.

నాన్న సైకిల్ ట్యూబు కోసి కొత్త పట్టీ వేశాడు, బండి తిన్నగా నడిచింది. అక్కడితో ఆపితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? "ఇంజను ఎంతదైనా ఇంజనే. బరువుంటే పట్టు దొరుకుతాది, గ్రీజుంటే పరుగు దొరుకుతాది" అన్నది ఆయన సిద్ధాంతం. పట్టు కోసం ట్యాంకు పొట్ట కింద ఇనప రేకు బిగించాడు. చెడిపోయిన రేడియో ఏరియల్ ఊడదీసి రిమోటుకు కట్టాడు, అప్పటిదాకా వరండా దాటని మా అధికారం జామచెట్టు దాకా పాకింది. టార్చి బల్బు హెడ్‌లైటు అయింది. ఎర్ర రంగు మీద పసుపు చార, చార మీద నంబరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఒక్కో మార్పుకూ బండి వేగం తగ్గుతున్నా "ఇప్పుడు దర్జాగా నడుస్తంది" అనేవాడు. ఈ పనులన్నిటిలో నా వాటా టార్చి పట్టుకుని నిలబడడం.

విశ్వకర్మ పూజ దగ్గరపడింది. ఆ రోజు షెడ్డు గేట్లు మా అందరికీ తెరిచేవారు. సుత్తులు, పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, ముందురోజే దేవుడి ముందు పరిచేవారు. పూజ ముగిసి మర్నాడు తెల్లారేదాకా ఎవరూ పనిముట్టు ముట్టుకోకూడదు. బూందీ పొట్లాలూ, పొగలు కక్కే ఖిచిడీ, అగరొత్తుల వాసనతో కలిసిపోయిన నూనె వాసనా, తలారా స్నానం చేసి ముస్తాబైన ఇంజన్లూ, వాటి మెడల్లో బంతిపూల దండలూ. ఆ ఏడాది నాన్న ఊరుకోక, దేవుడికి ప్రసాదం తన ట్యాంకే మోసుకెళ్తుందని షెడ్డంతా చాటాడు. ఫోర్‌మన్ అప్పలస్వామిగారు మీసాల్లో నవ్వుకుని, "అలగైతే సూద్దారి. నడవకపోతే మాత్రం రిటైరయ్యేదాకా నువ్వు బొమ్మల ఫిట్టరువే" అన్నారట. షెడ్డులో ఒకసారి పేరు పడితే మళ్లీ ఊడదు. కూరల సంచి మరిచిపోయి వచ్చిన ఒకాయన్ని చివరిదాకా 'సంచీ' అనే పిలిచారు. ఆ భయంతోనే కాబోలు నాన్న నాకు మాట ఇచ్చాడు: "ఆ రోజు రిమోటు నీదేనే గుంటా. నా సేతులు వణుకుతాయి."

అంతా బాగానే ఉండేది, ముందురోజు సాయంత్రం పనిముట్లు కడగడానికి పట్టుకెళ్లే ముందు ఆయన ఇంకొక్కసారి ట్యాంకు విప్పకపోతే. సైకిలు ఇరుసుకు పూసే చిక్కటి గ్రీజు డబ్బా తెచ్చి, ఎప్పుడూ పేచీ పెట్టే ఎడమవైపు పళ్లచక్రాలకు వేలెడు మందాన పట్టించి, తృప్తిగా మూత బిగించాడు. స్క్రూడ్రైవరు దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు షెడ్డు గుమ్మం దగ్గర ట్యాంకు మీద బూందీ లడ్డూ పెట్టి, ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో పీట మీదున్న విగ్రహం వైపు గురి చూసి, లీవరు ముందుకు తోశాను. హెడ్‌లైటు వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు అడుగులు తిన్నగా వెళ్లి, ట్యాంకు మెల్లిగా ఎడమకు ఒరిగి, గుండ్రంగా తిరిగి, లడ్డూతో సహా గుమ్మం దగ్గరికే వచ్చేసింది. ఇంకోసారి తోశాను. ఈసారి ఆడవాళ్ల చెప్పుల గుట్ట దాకా వెళ్లి వచ్చింది. నవ్వులు మొదలయ్యాయి. నాన్న చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది, ఖాళీగా బయటికి వచ్చింది. దేవుడి ముందున్న స్క్రూడ్రైవరు వైపు ఆయన ఒక్క అడుగు వేశాడో లేదో, పూజ చేయిస్తున్న పండిట్‌జీ, "ఆజ్ ఔజార్ నహీఁ ఛూనా!" అని అరిచాడు. పనిముట్టు ముట్టుకోవద్దని. అప్పలస్వామిగారు మీసం దువ్వుకుంటూ నోరు తెరవబోతున్నారు. నాన్న మొహం చూడలేకపోయాను. టార్చి పట్టుకున్న అన్ని సాయంత్రాల్లోనూ ఆయన్ని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే, "నాన్నా, దాన్ని దేవుడి పక్కన పెట్టు" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. పెట్టాడు. నేను లీవరు ముందుకు తొయ్యగానే ట్యాంకు విగ్రహం చుట్టూ తిరగసాగింది. పండిట్‌జీ చెంపలు వేసుకుని, "అరే, ఉల్టా! ఉల్టా!" అన్నాడు. నాకు అమ్మ గరిటె గుర్తొచ్చింది. లీవరు వెనక్కి లాగాను. ట్యాంకు ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి నడుస్తూ, కుడిగా, నిదానంగా, లడ్డూ జారకుండా ప్రదక్షిణ మొదలుపెట్టింది.

పండిట్‌జీ ఇంకా ఒప్పుకోలేదు. దేవుడి చుట్టూ వెనక్కి నడవడం ఏ శాస్త్రంలో ఉందన్నాడు. అప్పుడు అప్పలస్వామిగారు లేచారు. "పండిట్‌జీ, హమారా ఇంజన్‌కా ఆగే క్యా, పీఛే క్యా?" అని తన తెలుగు హిందీలో అడిగి, మావాళ్ల వైపు తిరిగారు. "కరెంటింజనుకి రెండేపులా డ్రైవరు కేబినుంటాదా లేదా? ఎటు నడిస్తే అదే ముందు. ఇదీ అంతే!" షెడ్డంతా ఘొల్లుమంది. వెనక నిలబడ్డ పెద్ద ఇంజన్ల వైపు చూసి పండిట్‌జీ కూడా తల ఊపక తప్పలేదు. మూడు ప్రదక్షిణలు పూర్తయ్యాయి. మూడోదాని చివర బేటరీలు నీరసించి ట్యాంకు విగ్రహం ముందే ఆగిపోయింది, అదీ భక్తేనన్నారు.

ఇంటికొచ్చే దారిలో నాన్న సైకిలు తొక్కకుండా నడిపిస్తూ, "ఎనక్కి లాగితే అలగ తిరుగుతాదని నీకెలా తెలుసే?" అన్నాడు. మధ్యాహ్నాల సంగతంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. సైకిలు బెల్లు ఒకసారి మోగించి, "బొమ్మల ఫిట్టరువి నువ్వేనే" అన్నాడు. మర్నాడు కుంకుమ బొట్టున్న స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతికే ఇచ్చాడు. ఎడమవైపు గ్రీజు తీసేద్దామని మూత మీద పెట్టానో లేదో, అప్పలస్వామిగారి దగ్గర్నుంచి కబురు: వచ్చే ఏడు కూడా ప్రదక్షిణకు ట్యాంకు పంపాలట. తీస్తే తిన్నగా నడుస్తుంది. తిన్నగా నడిచే ట్యాంకు దేవుడికేం పనికొస్తుంది? తన జీవితంలో నాన్న కావాలని చెయ్యకుండా వదిలేసిన రిపేరు అదొక్కటే.

ఆ క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు. జామచెట్టు, గోంగూర మడి, నా లీవరు ముక్క, అన్నీ ఆ మట్టి కిందే ఉన్నాయి. అప్పలస్వామిగారు పోయారు, నాన్న పోయాడు. నాన్న లేని లోటు నాకు ఎక్కువగా తెలిసేది ఇంట్లో ఏదైనా చెడిపోయినప్పుడే.

మా అమ్మాయి కొత్త బేటరీలు వేసింది. ట్యాంకు గదిలో గుండ్రంగా తిరిగి పిల్ల కాళ్ల దగ్గరికే వచ్చింది. "సీధా క్యోఁ నహీఁ జాతా?" అంటూ, తిన్నగా నడిపించడానికి స్క్రూడ్రైవరు తెచ్చి ట్యాంకును బోర్లా తిప్పింది. పొట్ట కింది ఇనప రేకు మీద, ఇంజన్ల మీద రాసినట్టే పసుపు రంగుతో నాన్న చేతిరాత. మా అమ్మాయికి తెలుగు చదవడం సరిగ్గా రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది: "ఎ... డం... పక్క... ము... ముట్ట... రాదు." అర్థమేమిటని నా వైపు చూసింది. ఎడమవైపు విప్పొద్దని తాతగారి ఆర్డరని చెప్పాను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ట్యాంకును నేల మీద నిలబెట్టి, లీవరు వెనక్కి లాగింది.