పక్క సాలులో బైబిలమ్మగారు

మా పల్లె బైబిలమ్మగారు చనిపోయారన్న కబురు మాకు మిరప చేలో అందింది. సంఘపెద్ద సైకిలు మీద వచ్చి, దిగకుండానే ఒక కాలు గట్టుకు ఆనించి చెప్పాడు.

"బైబిలమ్మగారు లేరు. పొద్దున టీ ఇద్దామని పోతే మా ఆడవాళ్లు చూశారు. నిద్రలోనే అయిపోయినట్టుంది."

అప్పటికి రెండో కోత సగంలో ఉంది. ఒడుల్లో ఉన్న కాయలు గోతాల్లో పోసి, మూతులు కట్టి, చేను ఆసామికి చెప్పి పల్లె వైపు నడిచాం. మా అత్త ఒక్కతే దారంతా తిడుతూ నడిచింది.

"మొండిది. చివరిదాకా మొండిదే. తన మాట నెగ్గించుకొనే పోయింది."

చనిపోయిన మనిషిని అట్లా తిట్టడం ఏమిటని మీరు అనుకోవచ్చు. అది తెలియాలంటే ఆమె గురించి కొంచెం చెప్పాలి. నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను. నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

బైబిలమ్మ అంటే మా సంఘాల్లో ఆడవాళ్ల కోసం ఉండే సేవకురాలు. పాస్టరు అయ్యగారి కింద పని చేస్తుంది. ఇంటింటికీ వెళ్లి వాక్యం చదువుతుంది, చదువు రాని వాళ్లకు అక్షరాలు నేర్పుతుంది, కాన్పు దగ్గర కూర్చుంటుంది, పోయిన ఆడవాళ్లకు స్నానం చేయిస్తుంది. మా బైబిలమ్మగారు భర్త పోయాక ఈ పనికి వచ్చారట. పిల్లలు లేరు. గుడి వెనక ఒక గదిలో ఉండేవారు. నేను సింగరాయకొండ దగ్గర నుంచి కోడలిగా ఈ పల్లెకు వచ్చేటప్పటికే ఆమె తల నెరిసిపోయింది.

మొదట ఆమెను నేను చూడలేదు, గొంతు విన్నాను. అప్పట్లో మా ఇంటికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. దాని అవతల నిలబడి "రావచ్చా అమ్మా?" అని అడిగారు.

"తలుపే లేని కొంపకి అడిగేదేందక్కా, రా!" అని మా అత్త లోపలి నుంచి అరిచింది.

"ఇల్లు నీది గదా చెల్లీ. అడక్కుండా ఎట్టా వస్తా?"

ప్రతిసారీ అడిగేవారు, మా అత్త ప్రతిసారీ అరిచేది. ఏ ఇంటికి వెళ్లినా అంతే. రమ్మనకపోతే ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయేవారు. ఎందుకు రమ్మనలేదని తరువాత అడిగేవారు కాదు.

ఆమెకు రాగం రాదు. ఒకసారి పాట అందుకుంటే మా అత్త "అక్కా, నువ్వు పాడబాక, ఎద్దులు బెదురుతయ్" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వారు. ఆ రోజు నుంచి పాట వస్తే పెదవులు మాత్రం కదిపేవారు. మా అత్త తరువాత ఎంతో చెప్పి చూసింది. "పాడక్కా, తమాషాకి అన్నా" అంటే, "నిజమే గదా చెల్లీ, పాట బాగుండాలి గదా" అనేవారు. కోపం ఉండి అన్నట్టు ఉండేది కాదు.

గుడిలో చిన్నపిల్లల మధ్య కూర్చునేవారు. ఏడ్చేవాళ్లను బయటికి తీసుకుపోయి, ఊరుకోబెట్టి తీసుకొచ్చేసరికి ప్రసంగం సగం అయిపోయేది. ప్రార్థన మాత్రం పొట్టిగా చేసేవారు. ఎవరైనా పెద్ద ప్రార్థన ఎత్తుకొని పల్లెలో జరిగినవన్నీ ఏకరువు పెడితే, అయిపోయాక మెల్లగా "దేవుడికి వార్తలు చెప్పకండమ్మా, ఆయనకు తెలుసు. ఏం కావాలో అడగండి" అనేవారు.

కోతల కాలంలో మాకు ఆదివారం ఉండదు. చెట్టు మీద పండిన కాయ గుడి గంట కోసం ఆగదు. తెల్లవారే చేలోకి పోతే పొద్దు వాలేదాకా అక్కడే. అందుకని బైబిలమ్మగారు మధ్యాహ్నం సద్ది తినే వేళకు చేలోకే వచ్చేవారు. ఒక వాక్యం చదివి, మాతో ఒక పాట పాడించి, ప్రార్థన చేసి పంపేవారు. దాన్ని మేము చేలో కూడిక అనేవాళ్లం. నేను రాకముందు నుంచీ ఉంది. గుడికి రాని ఆడవాళ్లు కూడా అందులో కూర్చునేవారు. ఆమె చేసిన పనులన్నిటిలో ఆమెకు అది ఎక్కువ ఇష్టమని అందరికీ తెలుసు. కోతలు దగ్గర పడుతుంటే ఆమె నడకలోనే తెలిసేది.

రానురాను ఆ కూడిక పెద్దదయింది. ఒకామె కొడుకు గురించి చెప్పుకుంటే, ఇంకొకామె మొగుడి తాగుడు గురించి చెప్పుకునేది. అందరి కోసం ప్రార్థన చేసి లేచేసరికి ఎండ వాలేది. ఒక ఏడు మా ఆసామికి పత్తి పురుగు తగిలి పోయింది. ఉన్నదంతా మిరప మీద పెట్టాడు. కూడిక వల్ల కోత వెనకబడుతోందని ఆయన వెళ్లి మా పాస్టరు అయ్యగారితో చెప్పాడు.

అప్పుడున్న అయ్యగారు వయసులో చిన్నవారు, మంచివారు. మా ఆడవాళ్లం వంట చేసేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, వారానికోసారి గుడికి ఇస్తాం. ఆ బియ్యం ఇవ్వడానికి మా అత్తా నేనూ వెళ్లినప్పుడే ఆయన బైబిలమ్మగారిని పిలిచి మాట్లాడారు.

"అమ్మా, రేపటి నుంచి చేలో కూడిక పెట్టకండి. ఆసామి వేరే ఊరి కూలీల్ని పిలుచుకుంటానంటున్నాడు. మనవాళ్ల నోటికాడ కూడు పోతుంది."

"సరేనయ్యగారూ."

"మీకు బాధగా ఉంటుందని తెలుసు."

"ఉందండీ."

"నేను మళ్లీ చెప్పేదాకా ఆపండి" అన్నారు.

"అట్టాగేనండీ."

అంతే జరిగింది. బయటికి రాగానే మా అత్త వీధిలోనే అందుకుంది.

"నోట్లో నాలిక లేదా నీకు? ఆయన నిన్నగాక మొన్న వచ్చాడు. ఆ కూడిక ఎన్నాళ్ల నుంచి ఉందో ఆయనకేం తెలుసు? ఒక్క మాటన్నా అన్లేకపోయావా? ఎంత పిరికిదానివక్కా!"

"చెప్పిన పని చెయ్యడం కష్టం కాదు చెల్లీ. మొహం మాడ్చుకోకుండా చెయ్యడమే కష్టం. ఇప్పుడు ఆ పని మీదున్నా. నన్ను కదిలించబాక."

మర్నాడు మధ్యాహ్నం ఆమె రాలేదు. సద్ది గిన్నెలు తెరిచి అందరూ డొంక దారి వైపు చూసి, తినేసి లేచారు. ఆ తరువాతి రోజు పొద్దున్నే వచ్చారు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, చేతిలో పుస్తకం లేకుండా వచ్చారు.

"ఏమ్మా, మళ్లీ మొదలెడతన్నావా?" అని ఆసామి అడిగాడు.

"లేదు నాయనా, కూడిక లేదు. ఊరికే ఉంటే తోచట్లా. వీళ్లకి సాయం కోస్తా. నాకు కూలి వద్దు."

ఆసామి ఏమంటాడు? సరేనన్నాడు.

అప్పటి నుంచి ఆమె రోజుకొకరి సాలులో, అదే చెట్ల వరసలో, పక్కన నిలబడి కాయ కోసేవారు. కోసింది ఆ మనిషి ఒడిలోనే పోసేవారు. కోత నిదానమే. వాక్యం చెప్పేవారు కాదు, ప్రార్థన అనేవారు కాదు. పక్కనున్న మనిషి మాట్లాడితే వినేవారు, మాట్లాడకపోతే కోసేవారు. కూడికలో అందరి ముందు చెప్పుకునే మాట వేరు, సాలులో చెట్టు వైపు చూస్తూ చెప్పుకునే మాట వేరు. కూడికలో మొగుడి తాగుడు చెప్పిన ఆమె, సాలులో ఇంకేదో చెప్పి ఉంటుంది. అదేమిటో మాకు తెలియదు. బైబిలమ్మగారు ఒకరి మాట ఒకరికి చెప్పే మనిషి కాదు.

నా సాలుకూ ఒకరోజు వచ్చారు. నాకు అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి బిడ్డ కదలడం కూడా తెలిసింది. ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు కూడా. కూడికలో నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. ఆ రోజు సగం సాలు దాకా ఇద్దరం మాట లేకుండా కోశాం. తరువాత ఎట్లా మొదలుపెట్టానో నాకు గుర్తులేదు. అంతా చెప్పాను. ఆమె "ఊఁ" అంటూ కోస్తూనే ఉన్నారు. నేను ఆపాక అడిగారు.

"పేరు అనుకున్నావా తల్లీ?"

"లేదండీ."

"మనసులోనన్నా?"

అనుకున్నాను. చెప్పాను. ఆమె ఆ పేరు ఒకసారి తిరిగి పలికారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. సాలు చివరిదాకా కోసి, తన ఒడిలోది నా ఒడిలో పోసి వెళ్లారు. ఇప్పటికీ మాకు పిల్లలు లేరు. ఆ పేరు ఆమెకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇక నాకొక్కదానికే తెలుసు.

ఇదంతా చూసి, కూడిక ఆగడమే మేలయిందని నేను అనడం లేదు. అట్లా అంటే అబద్ధమవుతుంది. మధ్యాహ్నం మేము సద్ది గిన్నెలు తెరిచే వేళకు ఆమె లేచి చేను అవతలి గట్టుకు వెళ్లిపోయేవారు. నీళ్లకు వెళ్తున్నారేమో అనుకునేదాన్ని. కానీ నీళ్ల కుండ మా దగ్గరే ఉండేది. ఒకసారి మజ్జిగ ఇద్దామని వెనకే వెళితే అటు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఎండలో ఎందుకండీ ఇక్కడ?" అన్నాను.

"అందరూ కూర్చుని ఉంటే నోరు ఆగదు తల్లీ. అందుకని."

మజ్జిగ తాగి గిన్నె ఇచ్చారు. నేను వచ్చేశాను.

ఆ తరువాతి ఏడు అయ్యగారిని దూరపు సంఘానికి పంపించారు. వెళ్లే హడావుడిలో ఆయన ఈ సంగతి మరిచిపోయారు. ఆయన చోట ఎవరూ రాలేదు. మార్టూరు నుంచి ఒక పెద్దాయన నెలకోసారి వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్తారు. కోతలు రాగానే మా అత్త బైబిలమ్మగారి గదికి వెళ్లి కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"ఇంక మొదలుపెట్టక్కా. వద్దన్నాయన పోయాడు."

"ఆయన చెప్పేదాకా అన్నారు గదా చెల్లీ. చెప్పలేదు."

"ఎక్కడో ఉన్నాయన వచ్చి చెప్తాడా? ఆసామే ఆ ఊసు మర్చిపోయాడు. ఈసారి ఆయనేమీ అనడు!"

"అనకపోవచ్చు."

"మరి?"

"సరేనన్నది నేను గదా."

"నెలకోసారి వచ్చే పెద్దాయన్ని అడుగుదాం."

ఇద్దరూ వెళ్లి అడిగారు కూడా. ఆయన "చూద్దాం" అన్నారు. ప్రతి నెలా చూద్దామనే అన్నారు. బైబిలమ్మగారు ప్రతి కోతకూ వచ్చి సాలులో నిలబడ్డారు, మధ్యాహ్నం అవతలి గట్టుకు వెళ్లారు. గుడికి రాకుండా కూడికకు మాత్రం వచ్చే ఆడవాళ్లు కొందరు ప్రార్థన అలవాటే మానుకున్నారు. ఒకామె బైబిలమ్మగారి మొహం మీదే "దేవుడి పని ఆపిన బైబిలమ్మ ఎక్కడన్నా ఉంటదా" అంది. ఆమె ఆ రోజు ఆ మనిషి సాలుకే వెళ్లి కోశారు.

ఆమె చేసింది సరైనదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తేలలేదు. ఒక చిన్నవాడి మాటకు ఒక పెద్దామె తనకు ఇష్టమైన పనిని వదులుకుంది. ఆ చిన్నవాడు ఆ మాటే మరిచిపోయాడు. ఇందులో మేలెంతో నష్టమెంతో నేను చెప్పలేను. అయితే ఆమె మొహం మాడ్చుకోగా నేను ఎన్నడూ చూడలేదు. అది మాత్రం చెప్పగలను.

పోయిన రోజు ఆమెకు మా అత్తే స్నానం చేయించింది. తిట్టడం ఆపలేదు. "చెయ్యెత్తు, చెయ్యెత్తు, ఇప్పుడన్నా నా మాట విను" అంటూ చీర కట్టింది. మార్టూరు నుంచి పెద్దాయన బస్సులో వచ్చారు. పొద్దు వాలకముందే సమాధి చేశాం. పల్లెంతా వచ్చింది. ఆసామి కూడా వచ్చి తలపాగా తీసి దూరంగా నిలబడ్డాడు.

మర్నాడు మళ్లీ చేలోకి వెళ్లాం. వెళ్లక తప్పదు, కాయ రాలిపోతోంది. మధ్యాహ్నం అందరం ఎప్పటిలా గట్టు నీడన చేరాం. మా అత్త గిన్నె మూత తీయలేదు.

"చెప్పేదాకా ఆపమని ఆ అయ్యగారు ఎవరితో అన్నాడు? అక్కతో. మనతో అన్లేదుగా" అంది.

మిగతావాళ్లూ గిన్నెలు పక్కన పెట్టారు.

"అయితే నువ్వు చెయ్యి ప్రార్థన" అందొకామె.

"నాకేం వచ్చే! తిట్లు తప్ప నా నోటికేం వచ్చే! నువ్వు చెయ్యి."

ఆమె పక్కామె వైపు చూసింది. పక్కామె ఇంకొకామె వైపు చూసింది. చదువుకున్న కోడలని నా వైపూ చూశారు. నేను తల దించుకున్నాను. ఎవరూ మొదలుపెట్టలేదు, ఎవరూ లేవనూ లేదు. ఒకరి తరువాత ఒకరం కళ్లు మూసుకున్నాం. ఆసామి చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చి, ఆగి, వెనక్కి మళ్లిపోయింది.

పొద్దుటి నుంచి పండు మిరప కోసిన చేతులవి. కంటికి తగిలితే ఆ పూటకు చూపు ఉండదు. అందుకని అందరం అరచేతులు పైకి పెట్టి, మోకాళ్ల మీద ఉంచుకొని కూర్చున్నాం. నేను మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి చూశాను. మా అత్త బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. పక్కామెకూ అంతే. ఎవరూ తుడుచుకోలేదు. కారినవి కారినట్టే ఉండి, ఎండ గాలికి వాటంతటవే ఆరిపోయాయి.