మా బావ కారుకు దొరకని దారి

మార్చి పదకొండవ తేదీ, శనివారం, ఉదయం ఏడు గంటలు. రాత్రి కురిసిన వాన వెలిసి, ఎండ అప్పుడప్పుడే తేరుకుంటున్నది. రేసు ట్రాకు ద్వారం వద్ద మా అక్కాబావలను కలుసుకొన్నాను. బావ తన ఎర్రకారు ముందు గొంతుక్కూర్చుని, అడుగున కొత్తగా పడిన గీతను వేలితో తడుముతున్నాడు. ద్వారం దగ్గరి స్పీడ్ బ్రేకరు చేసిన నిర్వాకమది.

"ఇక్కడ కూడానా! పరుగు పందేల గుమ్మంలో ఇంత గట్టు కట్టమన్న మహానుభావుడెవడ్రా?"

మా బావ పళ్ల డాక్టరు. ముప్ఫై ఏళ్లపాటు పరుల నోళ్లలోకి తొంగిచూసి, ఏబదియైదవ ఏట ఈ వేగపు కారు కొన్నాడు. నాటినుండి దానికి తగిన దారికోసం వెదకులాటే. బైపాసు మీద వేగంగా పోయేవారి వరుసలో లారీలు కాపురం పెట్టాయి. కొండదారిలో ముందు బస్సు, వెనుక కారును ఫోటోలు తీసే మోటారుసైకిళ్లవాళ్లు. ఊరవతల సాఫీ రోడ్డు కనబడిననాడే కెమెరా కూడా కనబడింది. జరిమానా ఇంటికే వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ ముఖం గంటు పెట్టుకొని తిరిగివచ్చి, రాత్రి భోజనమయ్యేవరకు సణిగేవాడు.

వినివిని అక్క ప్రాణం విసిగింది. చివరికి మిగిలినది ఈ ట్రాకే.

"తమ్ముడూ, నువ్వే సాక్షి. ఇవాళ కారు దిగేటప్పుడు ఈయన మొహంలో నవ్వుంటే కారుంటుంది. సణిగారా, అమ్మకమే."

"నవ్వుతాలేవే!"

"ఇప్పటి నవ్వు లెక్కలోకి రాదు."

పిల్లికి కూడా ఇరుకయ్యే వెనుకసీటులో నేను ముడుచుకొన్నాను. బావ ప్రక్కన ట్రాకు శిక్షకుడు కూర్చున్నాడు. మొదటి మలుపు రాగానే బావ గట్టిగా హారన్ కొట్టాడు.

"ఎవరికండీ డాక్టరుగారూ?"

"మలుపు కదండీ! ఎదురుగా ఎవరైనా వస్తే?"

"ఇక్కడ ఎదురొచ్చేవాడు ఇంకా పుట్టలేదు. తొక్కండి!"

బావ తొక్కాడు. ఇంజను గర్జించింది. తిన్నని దారిలో పైనున్న బ్యానరు నీడ అడ్డంగా పడివుంది. బావ స్పీడ్ బ్రేకరును చూసినట్లు చటుక్కున బ్రేకు వేసి, కారు అడుగు తగలకుండా ఏటవాలుగా త్రిప్పాడు. వెనుక వస్తున్న కారు వెంట్రుకవాసిలో తప్పుకొన్నది. జెండా ఊపి మమ్మల్ని బయటికి రప్పించారు.

"అది నీడండీ బాబూ, నీడ!" శిక్షకుడు హెల్మెట్టు తీసి నెత్తి పట్టుకొన్నాడు.

"నాకు తెలుసండీ. కాలికి తెలియద్దూ?"

ఆముదం త్రాగిన ముఖంతో దిగి, బావ తాళం అక్క చేతిలో పెట్టాడు.

"అమ్మేయ్. రోడ్డు మీద దీనికి చోటు లేదు, ఇక్కడ నాకు చేతకాదు. ఈ కాలు ఉందే..."

"ఇన్నాళ్లూ లారీల్ని తిట్టారు, బస్సుల్ని తిట్టారు. ఇప్పుడు సొంత కాలినా! పోనీ, ఇంకో చుట్టు తిరిగి చూడండి."

"వద్దే."

"నేనమ్మమంటే ఉంచుతారు, ఉంచమంటే అమ్ముతారు. మీతో నావల్ల కాదు బాబూ!"

ఆ నెలాఖరున కారును ఒక ఇంజనీరు కొన్నాడు. ట్రాకు ప్రక్కనే షెడ్డు అద్దెకు తీసుకొని అక్కడే ఉంచాడు. బావ నెలకొక శనివారం వెళ్లి, శిక్షకుని పాత చిన్నకారులో చుట్లు నేర్చుకొంటున్నాడు. మూడవ నెలలో ఆ నీడను ఆగకుండా దాటినట్లు ఫోనులో చెప్పాడు. ఆ కారు టైర్లు బాగులేవని ఇప్పటికీ సణుగుతాడు. ఆ సణుగుడు శిక్షకుని వంతు చేసి, ఆ శనివారాలలో అక్క ఇంటివద్దనే ఉంటుంది.