వావిలాకు పొగ

నిన్న సాయంత్రం ఐదుంబావుకు కింది వాటాలో వాళ్ళు దోమలకని పచ్చి వావిలాకు పొగబెట్టారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే చదువుతున్న పుస్తకం మూసేశాను.

మా లక్సెట్టిపేట అప్పటికి ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి మా వీధి నిండా తంగేడు, గునుగు పూల పచ్చివాసన, వేయించిన నువ్వుల వాసన, నూలుకు పట్టించిన గంజి వాసన కలిసిపోయి ఉండేవి. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు నేతపని చేసేవాడు. అక్క అత్తగారిల్లు గోదావరి అవతల. పండుగకు ఆమెను తీసుకురావడానికి ఏటా ఆయన పడవెక్కేవాడు. మా ఊరి ఆచారం ప్రకారం నిండు ఏరు దాటినవాళ్ళు అవతలి గడ్డన పచ్చి వావిలాకు కాల్చి తెల్లటి పొగ లేపాలి, అది కనబడేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు. ప్రవాహం పడవను దిగువకు ఈడ్చుకుపోయేది కాబట్టి, దాన్ని తాళ్ళతో పైకి లాగి మర్నాడు గాని ఇవతలికి తిప్పేవారు కాదు. అందాకా కబురంటే ఆ పొగే. నా ఎనిమిదో యేట మా వీధిలో ఒక ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టలేదు. ఆ ఇంటాయన తిరిగి రాలేదు.

నా తొమ్మిదో యేట పొగ చూసే పని నాకు అప్పగించారు. పొద్దున చినుకుల్లో పడవ చిన్నదై మసకలో కలిసిపోయింది. గట్టు మీద ఇద్దరు పిల్లలు గచ్చకాయలు ఆడుతుంటే నేనూ కూర్చున్నాను. ఆ రోజు నా చెయ్యి బాగా ఆడింది. తల ఎత్తేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అవతల పొగ లేదు. విరిగిన కొమ్మలను మోసుకుంటూ ఎర్రనీళ్ళు పోతున్నాయి. పొగ లేచి చెదిరిపోయిందో, అసలు లేవలేదో నాకు తెలియదు.

అవ్వ గడపలోనే నిలబడి ఉంది.

"లేచిందా బిడ్డా?"

"లేచిందవ్వా."

"అమ్మయ్య," అంటూ పొయ్యి ముట్టించింది. జొన్నరొట్టెలు చేసి, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టి, రెండు అక్క కోసం మూత కింద పెట్టింది. మగ్గం చప్పుడు లేని ఇంట్లో ఆ మూత వైపు చూడాలంటే భయం వేసింది. ఏడుద్దామంటే, ఎందుకని అవ్వ అడుగుతుంది. వీధిలో అందరికీ బాపు క్షేమంగా దాటాడు. నాకొక్కదానికే దాటలేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా బాపు వచ్చాడు, వెనక అక్క. కాళ్ళు కడుక్కుంటూ ఆయన అన్నాడు: "ఆకు తడిసిపోయింది. ఎంత ఊదినా ముట్టలే. మస్తు పరేషాన్ అయిండ్రు గావచ్చు?"

అవ్వ చేతిలో చెంబు ఆగింది.

"అయినం," అంది. "నిన్న పొయ్యి గూడ ముట్టియ్యలే."

"గందుకేనా చెల్లె మొకం గిట్ల గుంజుకపోయింది?" అని అక్క నవ్వి నా బుగ్గ గిల్లింది. అవ్వ నా వైపు చూడలేదు. మూత తీసి అక్కకు మలీద పెట్టింది. నిన్నటిదని చెప్పలేదు.

మరుసటి యేటి నుంచి పొగ చూడడానికి అవ్వే వెళ్ళేది. చనిపోయేదాకా ఆ మాట నాతో ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది. ఎవరూ గట్టున కూర్చుని అవతలికి చూడరు. పొగ కనబడేదాకా పొయ్యి ముట్టించకుండా ఆగరు.